ఒకే కొండ, రెండు లిపులు

సియోల్‌లో ఆ ఉదయం పత్రిక తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ చదవడం రావడం లేదు. ఇరవై ఏళ్లుగా అలవాటైన కొరియా లిపి హంగుల్ వట్టి గీతలు, సున్నాలుగా మిగిలింది. పేజీకి కుడివైపు అంతా మసక. శీర్షికలో ఒక్క గుర్తు మాత్రం పలికింది: అమెరికాకు బదులు కొరియా పత్రికలు వేసే చైనా అక్షరం, ‘మీ’. మా ఆయన అంబులెన్స్ కోసం 119కి ఫోన్ చేశారు.

మెదడులో ఎడమవైపు వెనుక భాగానికి రక్తం అందించే ధమనిలో గడ్డ అడ్డుపడిందట. మాట పోలేదు, చెయ్యి పడిపోలేదు. రాయమంటే నా పేరు, అమ్మ పేరు తెలుగులో గుండ్రంగా రాశాను. పది నిమిషాల తర్వాత అదే కాగితం ముందు పెట్టి చదవమన్నారు. ఒక్క అక్షరమూ అందలేదు. అంతగా నేను ఎన్నడూ ఏడవలేదు. రాయగలిగి చదవలేని రోగి గురించి 1892లోనే డెజెరిన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడని డాక్టరు చెప్పారు.

తర్వాత రెండు కార్డులు చూపించారు. మూడు శిఖరాలు నిలబెట్టినట్టుండే హంజా అక్షరం (కొరియాలో వాడే చైనా అక్షరాలను హంజా అంటారు) చూడగానే ‘సాన్’ అన్నాను, కొండ. అదే ‘సాన్’ హంగుల్‌లో రాసి ఉంటే నోరు పెగలలేదు. పాత పత్రికల కోసం ఒకప్పుడు కష్టపడి నేర్చుకున్న చైనా అక్షరాల్లో తేలికైనవి నిలిచాయి. సెజోంగ్ రాజు 1446లో ప్రజలందరి కోసం వెలువరించిన సులువైన లిపే చేజారింది. హంగుల్‌లో హల్లునూ అచ్చునూ పోల్చుకుని, కూర్చి పలకాలి, మన గుణింతాల్లాగే. హంజా బొమ్మ మొత్తంగా అర్థాన్ని తట్టి లేపుతుంది. కొందరికి హంజా పోయి హంగుల్ నిలుస్తుందట.

అన్నిటికన్నా ఏడిపించినవి ‘నా’, ‘నొ’. కొరియన్‌లో మొదటిది నేను, రెండోది నువ్వు. నిలువు గీతకు పుల్ల కుడివైపుంటే నేను, ఎడమవైపుంటే నువ్వు. కుడివైపు చూపు లేని నాకు ‘నేను’ పదే పదే తప్పిపోయేది.

అక్షరాన్ని వేలితో దిద్దమని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. కన్ను మరిచినది చెయ్యి మరవలేదు. దిద్దగానే శబ్దం పెదవి మీదికి వచ్చేది. బల్ల మీద వేలు జారుతుంటే ఇంట్లో పళ్లెంలో బియ్యం పోసుకున్నాను. నాలుగేళ్ల వయసులో అమ్మ నా వేలు పట్టుకుని దిద్దించినట్టే, నలభై ఏడేళ్లకు మళ్లీ ‘అ’ దిద్దాను, దాని పక్కన ‘నా’.

ఎనిమిది నెలలైంది. పేజీకి పావుగంట పడుతోంది. మెట్రో స్టేషన్ బోర్డు మీద ముందు హంజా చూస్తాను. ఆ పేరు పట్టుకుని, తొడ మీద వేలు కదుపుతూ, హంగుల్ చదువుతాను.