గలీబు నేర్పిన మాట

లిస్బన్‌లో ఒక హోటల్ లాండ్రీలో చేరిన కొత్తలో రోజూ నా చెవిన పడ్డ పోర్చుగీసు మాట 'కొంత్రారియు'. ఫోన్‌లో వెతికితే 'వ్యతిరేకం' అని వచ్చింది. నేను దొంతర పెట్టిన దిండు గలీబులు చూసి, మాతో పనిచేసే, కాబో వెర్డె అనే దీవుల దేశపు పెద్దావిడ "ఔ కొంత్రారియు!" అంది. దేనికి వ్యతిరేకం? నేనేమైనా ఎదురు చెప్పానా అని టెన్షన్ పడ్డాను. ఆవిడ ఒక గలీబులోకి చెయ్యి దూర్చి, లోపలి మూలలు రెండూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించింది. కుట్లు లోపలికి పోయాయి. తిరగేసి ఉన్నాయన్నమాట!

"చొక్కా తిరగేసి తొడుక్కున్నావురా" అని చిన్నప్పుడు అమ్మ అనేది, అచ్చం అదే. డబ్బా తలకిందులుగా పెట్టినా, టీషర్టు వెనక భాగం ముందుకొచ్చినా ఇక్కడ 'ఔ కొంత్రారియు' అనే అంటారు. కుట్లు బయటికొస్తే మాత్రం 'దు అవేసు' అంటే ఇంకా కచ్చితం. గుడ్డకు లోపలి వైపు అవేసు, పైవైపు దిరైతు. ఈ దిరైతుకే కుడి, తిన్నగా, చట్టం, హక్కు అన్న అర్థాలు కూడా ఉన్నాయి. గలీబు తిప్పినప్పుడల్లా నాకు ఆ 'హక్కు' గుర్తొస్తుంది.

ఒకసారి గది అద్దె గురించి వచ్చిన కాగితంలో 'కాజు కొంత్రారియు' అని చూశాను. కాజు అంటే కేసు అని ఎక్కడో చదివాను. నా మీద ఎవరో కేసు పెట్టారనుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. ఫలానా తేదీలోపు కట్టండి, లేదంటే ఇబ్బంది అవుతుందని దాని సారాంశం. రెండు మాటలూ కలిస్తే మన 'లేకపోతే', అంతే. పరాయి దేశంలో కాగితం సగం అర్థమవడం అసలు అర్థం కాకపోవడం కన్నా భయంకరం.

నాకు బాగా ఇష్టమైనది 'పెలు కొంత్రారియు'. మన 'అదేం లేదు' ఎదుటివాళ్ల మాటను కాదని ఊరుకుంటుంది. ఇది కాదనడమే కాక, నిజం అందుకు పూర్తిగా రివర్స్‌లో ఉందంటుంది. ఒక శనివారం పని ఆలస్యమైంది. నా వల్లే మీకు లేటవుతోందని వచ్చీరాని పోర్చుగీసులో పెద్దావిడతో అన్నాను.

"పెలు కొంత్రారియు" అంటూ, నేను తిప్పి మడిచిన గలీబుల దొంతర మీద చెయ్యి వేసింది.