చుక్క లెక్క

పోయిన జనవరిలో ఊరికి వచ్చినప్పుడు పొద్దున్నే బత్తాయి తోటలోకి పోతే, నాయిన ఒక చెట్టు మొదట్లో కూర్చుని గుండుసూదితో డ్రిప్పర్ రంధ్రం పొడుస్తున్నాడు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఒక పల్లె. బోరు నీళ్లలో ఉండే సున్నం ఆరి గట్టిపడి ఆ సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. పైపులో నీళ్లు పారుతున్నట్టే ఉంటాయి కానీ ఆ ఒక్క చెట్టు మాత్రం వాడిపోతుంది, ఆకు ముడుచుకునేదాకా మనకు తెలియదు. నేనూ ఇంకో సూది తీసుకుని పక్కన కూర్చున్నాను. అప్పుడు అడిగాడు, నేను అమెరికా పోయిన 14 ఏళ్లలో మొదటిసారి సూటిగా, "ఇంతకు నువ్వు ఆడ చేసే పనేంది బిడ్డా?"

"సబ్బునీళ్ల సీసాకు నొక్కే పంపు ఉంటది గదా నాయినా, దవాఖానల గోడకు పెడతరు, చేతులకు మందు పడ్తది, అసువంటివి తయారు చేస్తం."

కాసేపు ఆలోచించి, "అంటే దాని అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటదా?" అన్నాడు.

ఉంటుంది. అచ్చం అదే. పంపు అడుగున చిన్న గోళీ ఉంటుంది. మనం పైనుంచి నొక్కితే గోళీ కిందికి కూర్చుని దారి మూస్తుంది, లోపలున్న ద్రవం వెనక్కి పోలేక మూతిలోంచి బయటికి వస్తుంది. వదిలితే స్ప్రింగు పైకి లేస్తుంది, గోళీ కూడా లేస్తుంది, సన్న గొట్టంలోంచి మళ్లీ ద్రవం ఎక్కుతుంది. బాయి మోటారుకు ఫుట్‌వాల్వ్ లేకపోతే ప్రతిసారీ పైపులో నీళ్లు పోసి మోటారు వెయ్యాల్సి వచ్చేది కదా, సబ్బు సీసాలో ఈ గోళీ లేకపోయినా అదే గతి. నా ఇంటర్వ్యూల్లో ఎవరూ ఇంత నేరుగా అడగలేదు.

నేను ఉండేది డెట్రాయిట్ పక్కన. మొదటి ఆరేళ్లు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేశాను, ముందు అద్దం మీద నీళ్లు చిమ్మే నాజిల్‌లు, వాటి పంపులు, పైపులు. ఎండాకాలం వానాకాలం తెలిసిన వాళ్లం మనం, అక్కడి చలి గురించి ఎంత చెప్పినా చూస్తే తప్ప తెలియదు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ముందుపోయే లారీ ఆ ఉప్పు బురదను మన అద్దం మీద కొడుతుంది, ఒక్క క్షణంలో ఏమీ కనపడదు. ఆ క్షణంలో బటన్ నొక్కితే నీళ్లు వెంటనే రావాలి. పైపులో ద్రవం వెనక్కి జారిపోయి ఉంటే మళ్లీ ఎక్కి రావడానికి టైం పడుతుంది, గంటకు డెబ్బై మైళ్ల వేగంలో అది చాలా పెద్ద టైం. అందుకే అక్కడా దారిలో ఒక వాల్వ్ పెడతారు. మళ్లీ అదే ఫుట్‌వాల్వ్.

ఆ కంపెనీలోనే నాకు దెబ్బ తగిలింది. గడ్డకట్టిన నాజిల్ మూతి త్వరగా తెరుచుకోవడానికి వాల్వ్ పెదవుల ఆకారం ఎలా మార్చాలో ఒక మీటింగ్‌లో బోర్డు మీద గీసి చూపించాను. ఏడాది దాటాక పేటెంట్ దరఖాస్తు బయటికి వచ్చింది. అందులో నేను గీసిన బొమ్మే ఉంది, మూడు పేర్లు ఉన్నాయి, నా పేరు లేదు. అడగలేదు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, పెళ్లయి ఆరు నెలలు, చేతిలో ఊరి అప్పు. రాత్రి పడుకుంటే ఆ బొమ్మే కళ్ల ముందు కనపడేది. చట్టం ఏం చెబుతుందో చాలా ఏళ్లకు తెలిసింది. పేటెంట్‌లో ఇది మాది అని హద్దు గీసి చెప్పే వాక్యాన్ని క్లెయిమ్ అంటారు, ఒక్క క్లెయిమ్‌కైనా అసలు ఆలోచన ఇచ్చినవాడు ఆవిష్కర్తే, అతని పేరు వదిలేస్తే తర్వాత చేర్చే దారి ఉంది, చేర్చకపోతే ఆ పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అంటే అప్పుడు నేను మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి ఉంటే, అది కంపెనీకి కూడా మేలు చేసినట్టే అయ్యేది. కొత్తగా వచ్చే మన పిల్లలకు ఇది మాత్రం గట్టిగా చెబుతాను. బోర్డు మీద గీసింది ఫోటో తీసుకోండి, అదే రోజు మీ ఆఫీసు మెయిల్‌లోనే మీటింగ్‌లో ఏం చెప్పారో రాసి పంపండి.

డెట్రాయిట్‌లో 2012లో అమెరికా పేటెంట్ ఆఫీసు శాఖ తెరిచారు. హెడ్డాఫీసు వర్జీనియాలో ఉంది, దాని బయట పెట్టిన మొదటి శాఖ ఇదే. దానికి ఎలైజా మెకాయ్ పేరు పెట్టారు. ఆయన ఎవరో నాకు అప్పటిదాకా తెలియదు. కెంటకీలో బానిసలుగా ఉండి తప్పించుకుని కెనడా చేరిన దంపతుల కొడుకు. స్కాట్లాండ్ పోయి ఎడిన్‌బరోలో ఇంజినీరింగ్ నేర్చుకుని మిషిగన్ వస్తే, నల్లవాడని ఇంజినీరు ఉద్యోగం ఇవ్వలేదు, రైలింజన్‌లో బొగ్గు వేసే పని, నూనె పోసే పని ఇచ్చారు. ఆ రోజుల్లో నూనె పొయ్యాలంటే రైలు ఆపాలి, మనిషి దిగి చేత్తో పొయ్యాలి. ఆయన చేతిలో నూనె డబ్బా పట్టుకునే ఆలోచించాడు. రైలు నడుస్తుండగానే ఆవిరి ఒత్తిడితో నూనె కొంచెం కొంచెంగా తనంతట తనే పడే కప్పు తయారుచేసి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. జీవితంలో 57 దాకా తీసుకున్నాడంటారు. కానీ తయారీకి పెట్టుబడి లేక చాలావాటి హక్కులు వేరేవాళ్లకు రాసిచ్చాడు. రాసిచ్చాడు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే నేను కూడా ఉద్యోగంలో చేరిన మొదటి రోజే రాసిచ్చాను, కంపెనీ పని దారిలో నా బుర్రకు తట్టేదంతా కంపెనీదే అని.

దీన్ని నాయినకు చెప్పడం తేలికే అయింది. "పాత పహాణీ లెక్కన అనుకో నాయినా. పట్టాదారు కంపెనీ, అనుభవదారు కాలంల నా పేరు." కాకపోతే ఆవిష్కర్త పేరు మనిషిదే ఉండాలి, కంపెనీ పేరు రాయడం అక్కడ కుదరదు, ఆ వరుసను ఎవరూ కొట్టెయ్యలేరు. జర్మనీలో ఉన్న నా క్లాస్‌మేట్ చెప్పాడు, అక్కడ 1957 నుంచే చట్టం ఉందట, ఉద్యోగి ఆవిష్కరణను కంపెనీ తీసుకుంటే తగిన ప్రతిఫలం ఇవ్వాల్సిందే. అమెరికాలో అలాంటి చట్టం లేదు, కంపెనీ దయ. తర్వాత నా పంపు పేటెంట్‌కు నాకు ఒక చెక్క ఫలకం, కొంచెం డబ్బు ఇచ్చారు.

ఆ ఫలకం మీద ఉన్న పంపు నిజానికి మా నాయనమ్మది.

మా దిక్కు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్, మా బాయిల్లో దానికి ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు, ఆ తర్వాత మిషన్ భగీరథ నీళ్లు వచ్చేసరికే ఆ ఫ్లోరైడ్ ఎముకలకు పట్టి నాయనమ్మ తరం మొత్తం వంగిపోయింది. ఆమె మెడ తిరిగేది కాదు, మోచేతులు సగం వంగే ఉండేవి, వేళ్లు ముడుచుకుపోయాయి. మొదటిసారి అమెరికా నుంచి వచ్చినప్పుడు కాళ్లకు రాసుకోవడానికి మంచి లోషన్ సీసా తెచ్చిచ్చాను. ఆమె దాన్ని నొక్కలేకపోయింది. వేలితో రాలేదు, అరచేతితో రాలేదు, చివరికి సీసాను గోడకు ఆనించి ముంజేతితో ఒత్తితే అది జారి కింద పడింది. "మంచిగున్నది బిడ్డా, కని నాతోని కాదు" అని పక్కన పెట్టింది. ఆ మరుసటి ఏడు ఆమె పోయింది.

ఈ సబ్బు పంపులు, అంటే డిస్పెన్సర్లు చేసే కంపెనీలో చేరాక, తక్కువ బలంతో నొక్కే పంపు కావాలని ఒక ప్రాజెక్టు వచ్చింది, ముసలివాళ్లకు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు. పిస్టన్ సన్నగా చేస్తే బలం తగ్గుతుంది కానీ ఒకసారికి పడే మోతాదు కూడా తగ్గుతుంది, అప్పుడు మూడుసార్లు నొక్కాలి, లాభమేముంది? మీట పొడుగు చేస్తే నొక్కడం తేలిక కానీ చెయ్యి ఎక్కువ దూరం కదలాలి, మోచెయ్యి చాపలేని మనిషికి అదీ కష్టమే. స్ప్రింగు మెత్తగా పెడితే పంపు మెల్లగా లేస్తుంది, చివరి చుక్క మూతికి వేలాడి తర్వాత కింద పడుతుంది, దవాఖాన నేల మీద ఆ చుక్క మీద కాలు జారితే ఇంకో ప్రమాదం. ఆ వేలాడే చుక్కను వెనక్కి పీల్చుకునేలా వాల్వ్ చెయ్యడానికే ఏడాదిన్నర పట్టింది. మీటింగుల్లో అందరూ వేలితో నొక్కుడు గురించే మాట్లాడుతుంటే, ముంజేతితో ఒత్తితే ఎలా అని నేను అడుగుతూ ఉండేవాణ్ని.

ఆ పంపుకు పేటెంట్ దరఖాస్తు వేస్తే, దాన్ని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ నుంచి వచ్చిన మొదటి ఉత్తరంలో మా క్లెయిమ్‌లన్నీ తిరస్కరించారు. ఇదిగో ఈ పాత పేటెంట్, ఇదిగో ఇంకోటి, రెండూ కలిపితే మీరు చెప్పేది ఎవరికైనా తోచేదే అని. నాకు చాలా బాధేసింది, మా లాయరు మాత్రం మామూలే అంది. క్లెయిమ్‌ను కుదించుకుంటూ, హద్దురాళ్లు లోపలికి జరుపుకుంటూ వచ్చి మూడో ఏట పేటెంట్ అయింది. ఎకరం అడిగితే గుంట వచ్చింది. ఆ గుంటలో మాత్రం దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు ఇంకెవరూ కాలు పెట్టకూడదు. ఒకటి మాత్రం తెలుసుకున్నాను, పూర్తిగా కొత్తది అనుకున్న ప్రతిదానికీ పాత చుట్టం ఎక్కడో ఉంటుంది.

ఆ పాత చుట్టాలను వెతికే పనిలోనే ఒకసారి ఒళ్లు జలదరించింది. నీళ్ల శుద్ధికి మందు కొలిచి వేసే డిస్పెన్సర్ గురించి వెతుకుతున్నాం. నాతో పనిచేసే అమెరికన్ ఆమె స్క్రీన్ చూపించి, ఈ మాట ఎలా పలకాలి అని అడిగింది. చూస్తే "నల్గొండ టెక్నిక్". నీళ్లలో సున్నం, పటిక కలిపి, తిప్పి, తేరనిచ్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది, ఆఫ్రికాలో కూడా వాడారు. అక్కడా సమస్య కొలతే. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. "అది మా జిల్లా" అన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను.

జిల్లా అంటే గుర్తొచ్చింది, మన ఉమ్మడి జిల్లాలోనే ఆలేరు పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం గారి గురించి మా కంపెనీలో ఒకసారి చెప్పాను. చీరకు ఆసు పొయ్యడానికి, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పెట్టడానికి, వాళ్లమ్మ లక్ష్మి గారు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పేది, భుజం నొప్పితో ఏడ్చేది. ఆరో తరగతితో బడి మానేసిన ఆయన ఏళ్లకేళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి అమ్మ పేరే పెట్టాడు, పేటెంట్ కూడా వచ్చింది, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన యంత్రానికి పట్టాదారూ ఆయనే, అనుభవదారూ ఆయనే.

2021లో నాయిన కరోనాతో నల్లగొండలో దవాఖానలో పడ్డాడు. వస్తే తిరిగి వెళ్లే దారి లేదు, రాకపోతే మనసు ఆగదు. వీడియో కాల్‌లో చూస్తే నాయిన ముక్కు మీద వెంచురీ మాస్కు. సన్నటి మూతిలోంచి ఆక్సిజన్ వేగంగా వస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుంటుంది, ఎంత ఆక్సిజన్ కలవాలో ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క ఆకారమే లెక్క పెడుతుంది. బ్రిటన్‌లో క్యాంప్‌బెల్ అనే డాక్టరు 1960లో తెచ్చింది. మా తోటలో డ్రిప్ లైనుకు ఎరువు నీళ్లు డ్రమ్ములోంచి లాగేదీ వెంచురీయే, నాయిన పాత లూనా కార్బురేటర్‌లో పెట్రోలు లాగేదీ అదే. పేరు పేరునా అన్నీ తెలిసి, ఏడు సముద్రాల అవతల ఫోను పట్టుకుని కూర్చున్నాను. నాయిన బతికాడు.

ఇప్పుడు బామ్మర్ది సంగతి. ఆ జనవరిలోనే మునుగోడు నుంచి వచ్చి, డ్రిప్పర్లు మూసుకుపోకుండా తను చేసిన ఒక సామాను చూపించాడు. అదేంటో ఇక్కడ రాయను, రాస్తే కొత్తదనం పోతుంది. నిజంగా బాగుంది. "బావా, రేపు యూట్యూబుల పెడ్త" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అమెరికాలో అయితే మనమే బయటపెట్టినా ఏడాది గడువు ఉంటుంది, మన దేశంలో మామూలుగా అలాంటి గడువు లేదు, ముందు చూపిస్తే తర్వాత పేటెంట్ కష్టం. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వెయ్యి, ఆన్‌లైన్‌లో వేస్తే మామూలు మనిషికి 1,600 రూపాయల ఫీజు, పూర్తి దరఖాస్తుకు 12 నెలలు టైం ఉంటుంది, వేరే దేశంలో వెయ్యాలనుకుంటే ఇక్కడ వేశాక ఆరు వారాలు ఆగాలి, లేదా ముందే అనుమతి తీసుకోవాలి, ఇవన్నీ కాగితం మీద రాసిచ్చాను.

"సరే బావా, మరి ఈ మూతి కాడ ఏం జేస్తే ఇంకా మంచిగైతది? నీకు తెలుస్తది గదా."

తెలుసు. చూడగానే తెలిసింది. ద్రవం మూతి దగ్గర ఆరి గడ్డకట్టకుండా చూడటమే ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం. కానీ నేను నోరు తెరిచి ఆ మాట చెబితే నేను కూడా ఆవిష్కర్తనవుతాను, నా సంతకం ఉన్న కాగితం ప్రకారం నా వంతు మీద మా కంపెనీ హక్కు అడగొచ్చు. వాడు కష్టపడి చేసిందానికి ఎక్కడో మిషిగన్‌లో ఇంకో పట్టాదారు పుట్టుకొస్తాడు. ఈ మాట వాడికి చెప్పాను. కాసేపు నా మొహమే చూశాడు. నాయిన సూది పట్టుకుని వింటూనే ఉన్నాడు. "నువ్వు చెప్పకు బిడ్డా, వాడే చూసుకుంటడు" అన్నాడు.

సాయంత్రం చండూరు పోయి రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు కొనిచ్చాను. రాత్రి లైటు కింద కూర్చుని వాడు బొమ్మ గీసి, కొలతలు వేసి, ఏది ఎందుకు పెట్టాడో తెలుగులోనే రాశాడు, నాలుగు పేజీలు అయింది. ఒక్కో పేజీ కింద తేదీ వేసి వాడు సంతకం పెట్టాడు. నేను దాని కింద "చదివి అర్థం చేసుకున్నాను, సాక్షి" అని రాసి నా పేరు తెలుగులో పెట్టాను.