అమిగ్డలా దారులు వెతుకుతూ నేను చేసిన థీసిస్: నా అనుభవం

మాస్టర్స్ థీసిస్‌కి మెదడు లోతుల్లోని అమిగ్డలా అనే చిన్న భాగానికి వచ్చిపోయే నరాల దారుల టాపిక్ తీసుకున్నప్పుడు నా బుర్రలో ఉన్నది అందరికీ తెలిసిన బొమ్మే. భయం, కోపం అమిగ్డలాలో పుడతాయి, నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పైనుంచి బ్రేకు వేస్తుంది. వాట్సాప్ మెసేజ్‌ల నుంచి మోటివేషన్ క్లాసుల దాకా ఇదే పాట.

నేను కోతిని తాకింది లేదు. పాత ప్రయోగాల్లో దాచిపెట్టిన రీసస్ కోతి మెదడు స్లైడ్లతోనే నా పని. ఆ మాట విన్నాకే అమ్మ కాస్త కుదుటపడింది. "ఎలుకలు సరిపోవా తల్లీ?" అని మాత్రం అడిగింది. సరిపోవు. కార్టెక్స్ అంటే మెదడు పైభాగం, పొరలు పొరలుగా ఉంటుంది. మనకి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో చాలాచోట్ల కనిపించే నాలుగో పొర ఎలుకల ఫ్రంటల్ కార్టెక్స్‌లో ఉండదు. కోతికి ఉంటుంది.

పద్ధతి ఇదీ. జంతువు బతికుండగానే కార్టెక్స్‌లో ఒకచోట ట్రేసర్ (నరాల దారిని పట్టిచ్చే రంగు పదార్థం) ఎక్కిస్తారు. అది అక్కడికి వచ్చిన నరాల కొసల్లోంచి లోపలికి వెళ్లి, వెనక్కి ప్రయాణించి, ఆ నరం ఏ న్యూరాన్‌దో దాన్ని చేరుతుంది. తర్వాత మెదడును గడ్డకట్టించి పలచటి సెక్షన్లుగా కోస్తారు. ఫాస్ట్ బ్లూ అనే ట్రేసర్ చేరిన న్యూరాన్లు అల్ట్రావయొలెట్ వెలుగులో నీలంగా మెరుస్తాయి. చీకటి గదిలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్‌లో గుర్తు పెట్టాలి. వెలుగు తగిలేకొద్దీ మెరుపు ఫేడ్ అయిపోతుంది కాబట్టి 'రేపు చూద్దాంలే' అంటే కుదరదు. అసలు తలనొప్పి హద్దులతో. మెరిసే సెక్షన్‌లో అమిగ్డలా లోపలి భాగాలు విడివిడిగా తెలియవు. పక్క సెక్షన్‌కి నిస్సల్ స్టెయిన్ (కణాలను ముదురుగా చూపించే రంగు) చేసి, రెండింట్లోనూ రక్తనాళాల రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి ఒకదాని మీద ఒకటి సరిపెట్టేదాన్ని. మెడ పట్టేసేది.

బోస్టన్ యూనివర్సిటీలో మెదడు శాస్త్రవేత్త హెలెన్ బార్బాస్ బృందం చూపించిందే నా స్లైడ్లలోనూ కనిపించింది. ఆర్బిటోఫ్రంటల్ (ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో కళ్లగుంటల పైనుండే ప్రాంతం) వెనక భాగానికీ అమిగ్డలాకీ మధ్య దట్టమైన రాకపోకలు. మనం 'ఆలోచించే మెదడు' అని గొప్పగా చెప్పుకునే లేటరల్ (బయటి పక్క) భాగానికి మాత్రం అంతంత మాత్రం లింకు. ఇక బ్రేకు ఎవరు వేస్తున్నట్టు?

నాకు బాగా నచ్చినవి ఇంటర్‌కలేటెడ్ కణాల గుంపులు. నిస్సల్ స్లైడ్‌లో అమిగ్డలా పెద్ద భాగాల మధ్య సందుల్లో ఇరుక్కున్న ముదురు చుక్కల చారలివి. ఇవి ఎదుటి న్యూరాన్లను ఆపే రకం. ఆర్బిటోఫ్రంటల్ వెనక భాగం నుంచి వచ్చే నరాలు వీటిమీద గట్టిగా వాలతాయి. ఇవి అమిగ్డలాలోనే ఉన్న సెంట్రల్ న్యూక్లియస్‌ను ఆపుతాయి, అది గుండె వేగం లాంటివాటిని నడిపించే హైపోథాలమస్‌ను ఆపుతుంది. ఆపేదాన్నే ఆపేస్తే? గుండె దడ పెరగాలి! అదే ఆర్బిటోఫ్రంటల్ నుంచి సెంట్రల్ న్యూక్లియస్‌కి నేరుగా ఒక పలచటి దారి కూడా ఉంది. అది పనిచేస్తే ఒళ్లు మళ్లీ నెమ్మదిస్తుందని బార్బాస్ ప్రతిపాదన.

వైవాలో సరిగ్గా ఇదే అడిగారు: "మరి ఇది బ్రేకా, యాక్సిలరేటరా?" టెన్షన్‌తో గొంతు ఆరిపోయింది. "ఏ దారి పనిచేస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. స్లైడ్ దారిని చూపిస్తుందిగానీ అది ఎప్పుడు పనిచేస్తుందో చెప్పదు. దానికి బతికున్న న్యూరాన్ల నుంచి రికార్డింగ్ కావాలి" అన్నాను. చిన్న సవరణలతో పాస్ చేశారు. యాంటీరియర్ సింగ్యులేట్ (మెదడు రెండు సగాల మధ్య, ముందువైపు లోపలి గోడమీద ఉండే భాగం) స్లైడ్లు ఇప్పుడు మా జూనియర్ చూస్తోంది. అక్కడ లెక్క వేరు. ఆ భాగం అమిగ్డలా నుంచి పుచ్చుకునేదానికంటే దానికి పంపేదే ఎక్కువ.