డోనా ‘వద్దు’ అంది

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈ రోజు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. పొద్దున బట్టలు ఉతికి ఆరేశాను. మధ్యాహ్నం అవి మడత పెడుతూ నలుగురం ఒక ఎపిసోడ్ చూశాం. ఎపిసోడ్ గంటకు కాస్త పైనే ఉంటుంది, దాని మీద వాదన మాత్రం చీకటి పడేదాకా నడిచింది. రెండు దుప్పట్లు ఇంకా మడవకుండానే కుర్చీలో పడి ఉన్నాయి. నిద్ర రావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

చూసింది ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్, ‘జర్నీస్ ఎండ్’. 2008 జూలై 5న వచ్చింది. రాసింది రసెల్ టి డేవిస్. వారానికి రెండు చొప్పున ఈ సీజన్ మొత్తం వరసగా చూసుకుంటూ వస్తున్నాం. నేను, అక్క, అక్క కూతురు, ఆసుపత్రిలో నర్సుగా చేసే నా స్నేహితురాలు. అక్కకీ నాకూ ఇది రెండోసారి. స్నేహితురాలికి మొదటిసారి. అక్క కూతురు మాత్రం 2023లో వచ్చిన ఎపిసోడ్లతో మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. అంటే ఈ కథ చివరికి ఎక్కడ తేలుతుందో దానికి ముందే తెలుసు. ఇన్ని వారాలూ స్పాయిలర్ నోరు జారకుండా కూర్చోవడం దానికి పెద్ద పరీక్షే అయింది.

కథ తెలియనివాళ్లు ఎప్పుడైనా ఈ పేజీ చదివితే వాళ్ల కోసం రెండు ముక్కలు. డాక్టర్ అంటే టైమ్‌లార్డ్ అనే గ్రహాంతర జాతివాడు, రెండు గుండెలవాడు. టార్డిస్ అనే వాహనంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతాడు. ప్రాణం పోయేలా ఉంటే కొత్త ఒళ్లు, కొత్త మొహం వస్తాయి, దాన్నే రీజనరేషన్ అంటారు. ఈ సీజన్‌లో అతనితో తిరిగే మామూలు మనిషి డోనా. డాలెక్‌లు అతని పాత శత్రువులు, లోహపు కవచాల్లో ఉండే జీవులు. డాలెక్‌లు భూమితో కలిపి 27 గ్రహాల్ని ఎత్తుకుపోతాయి. వాటిని పుట్టించిన దావ్రోస్ ఆ గ్రహాలన్నిటినీ ఒక యంత్రంలో భాగాలుగా వాడి మొత్తం సృష్టినే తుడిచేయాలని చూస్తాడు. డాలెక్ దెబ్బ తగిలిన డాక్టర్ ఒళ్లు నయం కాగానే, మొహం మారకుండా మిగిలిన రీజనరేషన్ శక్తిని ఒక సీసాలో దాచిన తన పాత చేతిలోకి మళ్లిస్తాడు. 2005 క్రిస్మస్ ఎపిసోడ్ కత్తియుద్ధంలో తెగిపడిన చెయ్యి అది. తర్వాత డోనా దాన్ని ముట్టుకుంటుంది. అందులోంచి ఒంటి గుండె ఉన్న రెండో డాక్టర్ పుట్టుకొస్తాడు, డాక్టర్ బుర్రలో ఉన్నదంతా డోనా బుర్రలోకి వచ్చేస్తుంది. లోకాన్ని కాపాడేది చివరికి ఆవిడే.

చెయ్యి వ్యవహారం మోసమని అక్క మొదటిసారి చూసినప్పుడూ అంది, ఈ రోజూ అంది. ముందు వారం ఎపిసోడ్ చివర మొహం మారబోతున్నట్టు చూపించి ప్రేక్షకుల్ని వారం రోజులు ఉగ్గబట్టి కూర్చోబెట్టి, తీరా ఇలా తప్పించుకోవడమేమిటని. నాకు దాంతో పేచీ లేదు. చెయ్యి తెగింది, సీసాలోకి వెళ్లింది, మూడేళ్లు కళ్ల ముందే ఉంది. సమయం వచ్చినప్పుడు వాడుకున్నారు.

సముద్రపు ఒడ్డు సీను దగ్గర కూడా అక్క ఆగింది. డోనాకి ముందు డాక్టర్‌తో తిరిగిన, అతన్ని ప్రేమించిన రోజ్‌ని రెండో డాక్టర్‌తో వేరే ప్రపంచంలో దింపేసి అసలువాడు వెళ్లిపోవడం. రోజ్ ఇద్దరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది, ఇదే ఒడ్డున విడిపోయిన ఆరోజు సగంలో ఆగిపోయిన మాట ఏమిటని. ఒకడు దాటేస్తాడు, రెండోవాడు చెవిలో చెబుతాడు. చెప్పినవాణ్ణి ఆమె దగ్గరికి లాక్కుంటుంది. ఆమె ఇటు తిరిగేసరికి టార్డిస్ మాయమవుతోంది. “అది రోజ్ ఎంచుకున్నది కాదే, ఆమె చేత ఎంచుకునేలా చేశారు” అంది అక్క. నేను ఒప్పుకున్నాను. అయినా అక్కడ ఒక ప్రశ్న వేసే వీలైనా దొరికింది, సగం జవాబైనా వచ్చింది. డోనాకి అదీ లేదు.

మా వాదనంతా అక్కడి నుంచే.

మనిషి బుర్ర అంత జ్ఞానాన్ని మోయలేదు. టార్డిస్‌లో డోనా గలగలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకే మాట దగ్గర గీతపడ్డ రికార్డులా ఆగిపోతుంది. డాక్టర్‌కి అర్థమవుతుంది. ఆవిడకీ అర్థమవుతుంది. వెనక్కి పంపొద్దని బతిమాలుతుంది, ఏడుస్తుంది, వద్దు వద్దు అంటుంది. అతను కణతల మీద వేళ్లు పెట్టి, తనతో గడిపిన ప్రతి క్షణాన్నీ తుడిచేసి, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడతాడు. మళ్లీ గుర్తొస్తే ప్రాణం పోతుందని ఇంట్లోవాళ్లకి చెప్పి వానలో తడుస్తూ వెళ్లిపోతాడు.

ఎపిసోడ్ అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. స్నేహితురాలే మొదలుపెట్టింది. “ప్రాణం నిలబెట్టాడుగా. ఇంకేం చేస్తాడు పాపం?”

తన నోటి నుంచి ఆ మాట వస్తుందని నేననుకోలేదు. “స్పృహలో ఉన్న పేషెంట్ వద్దంటే మీరు చేస్తారా?” అని అడిగాను.

“చెయ్యం. కానీ ఆవిడ స్పృహ ఏ పాటిదో చూశావుగా. ఒకే మాట పదిసార్లు అంటోంది. జ్వరం నెత్తికెక్కినవాళ్లు సూది వద్దంటారు, సెలైన్ పీకేసుకుంటారు. ఆ వద్దు ఆ మనిషిదా, జ్వరానిదా? అది తేల్చుకోవడమే మా పనిలో అన్నిటికంటే కష్టం.”

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇన్నేళ్లుగా ఈ సీను గురించి ఆలోచిస్తున్నాను కానీ ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. అందుకే మళ్లీ పెట్టి చూశాం, ఆ ఒక్క సీను. తడబాటు ఎక్కడ ఆగిందో, బతిమాలడం ఎక్కడ మొదలైందో చూద్దామని. తడబడేది ముందు. తర్వాత ఆవిడ కుదుటపడుతుంది. మనిషీ టైమ్‌లార్డూ కలిసిన ప్రాణి ఇదివరకు ఎందుకు లేదో తెలుసా అని అతను అడిగితే, తెలుసంటుంది. తన భవిష్యత్తు గురించి తను అనుకున్నది చెబుతుంది. వెనక్కి పంపొద్దంటుంది. గీతపడ్డ రికార్డులా ఎక్కడా ఆగదు, పొంతన తప్పదు. స్నేహితురాలు రెండోసారి చూసి “ఊఁ” అని ఊరుకుంది. తను ఒప్పుకుందని రాయడం లేదు. ఆలోచనలో పడింది.

అప్పుడు నేను ‘టర్న్ లెఫ్ట్’ సంగతి ఎత్తాను. సరిగ్గా రెండు ఎపిసోడ్ల ముందు, అంటే జూన్ 21న వచ్చినది. అందులో డోనా డాక్టర్‌ని కలవనే కలవని ఇంకో లోకం ఉంటుంది. లోకాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి ఆ డోనా, తను చచ్చిపోతానని తెలిసీ, ట్రక్కుకి ఎదురెళుతుంది. చావు అంటే ఏమిటో తెలిసి, దేనికోసమో తెలిసి నిర్ణయించుకోగల మనిషని ఆ సీరియలే మనకి చూపించింది. రెండు వారాలు తిరిగేసరికి అదే మనిషిని అడక్కుండానే కథ ముగించారు. రచయిత మర్చిపోయాడని నేను అనుకోను. దుఃఖం అంతా డాక్టర్ మొహంలో చూపించాలనుకున్నాడు. వానలో తడిసిన ఆ ఒంటరి మనిషిని చూసి మనం ఏడవాలనుకున్నాడు, నేను ఏడ్చాను కూడా. కానీ పోగొట్టుకున్నది ఆవిడ.

ఇదే సీజన్‌లో ముందొచ్చిన ‘ద ఫైర్స్ ఆఫ్ పాంపే’ ఎపిసోడ్ గుర్తొస్తే ఇంకా బాధ. అక్కడ అగ్నిపర్వతం పేలేలా మీట నొక్కాలి. వేల ప్రాణాలు పోతాయి, నొక్కకపోతే లోకమే పోతుంది. డాక్టర్ చెయ్యి మీద డోనా తన చెయ్యి వేస్తుంది. ఆ పాపం నీ ఒక్కడిదే కానక్కర్లేదని నోటితో చెప్పకుండా చేత్తో చెప్పడం. తర్వాత కనీసం ఒక్క కుటుంబాన్నైనా కాపాడమని ఏడ్చి, వెనక్కి తిప్పుతుంది. అంత భారాన్ని పంచుకున్న మనిషి విషయంలో నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ అతనివే.

అక్క వాదన వేరు. అక్క విల్ఫ్రెడ్ పక్షం. డోనా తాతగారు, బెర్నార్డ్ క్రిబిన్స్ వేశారు. ఆ ముసలాయన నీతో ఉన్నప్పుడే తను మెరుగ్గా ఉండేదని డాక్టర్‌తో అంటాడు, అయినా మనవరాలికి ఎప్పటికీ చెప్పనని ఒప్పుకుంటాడు. “రేపు నువ్వు మమ్మల్నందర్నీ మర్చిపోయినా సరే, బతికుంటే చాలనే అంటాను నేను. నువ్వు వద్దన్నా వినను” అంది అక్క. అది కథ గురించి అన్న మాట కాదు. నేను తల దించుకుని చొక్కా గుండీలు పెట్టాను.

“కానీ డోనా వాళ్లమ్మ సిల్వియా, తాతగారు, వాళ్లకి డోనా వద్దన్న సంగతి తెలీదు కదా పిన్నీ” అంది అక్క కూతురు. అప్పటిదాకా అది మాట్లాడలేదు.

మేం ముగ్గురం దాని వైపు చూశాం. నిజమే. జ్ఞానం చంపేస్తోందని, తుడిచేయాల్సి వచ్చిందని డాక్టర్ వాళ్లకి చెబుతాడు. ఆవిడ బతిమాలిందని చెప్పడు. ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరికి అన్నిటితోపాటు తన ‘వద్దు’ కూడా తుడిచిపెట్టుకుపోయింది. లేచి కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో కబుర్లు చెబుతూ, ఎదురుగా నిలబడ్డ అతన్ని కొత్తవాడిలా చూసి పట్టించుకోకుండా తిరిగిపోతుంది. రెండోవాడు ఎవరికీ చెప్పలేదు. ఇక ఆ మాట విన్నది చూసినవాళ్లం మనమే. ఎన్నేళ్లైనా ఈ సీను మీద జనం ఇంత గట్టిగా తగవుపడటం నాకిప్పుడు వింతగా లేదు. ఆవిడ తరఫున ఆ మాట గుర్తుంచుకోవడానికి ఆ కథలో ఇంకెవరూ లేరు.

అక్క కూతురు ఇంక ఆగలేక, స్నేహితురాలి అనుమతి తీసుకుని, తర్వాతి కథ చెప్పేసింది. 2023 నవంబర్ 25న వచ్చిన ‘ద స్టార్ బీస్ట్’. డోనాకి పెళ్లయింది, రోజ్ అనే కూతురుంది (ఒడ్డున దిగిపోయిన రోజ్ వేరు). తల్లి నెత్తిన పడ్డ భారంలో సగం తెలియకుండానే ఆ పిల్లకి వచ్చింది. షెడ్డులో కూర్చుని ఆ పిల్ల కుట్టే బొమ్మలు ఎప్పుడో తల్లి చూసిన జీవుల్లా ఉంటాయి. చివరికి తల్లీకూతుళ్లిద్దరూ ఆ శక్తిని వదిలేస్తారు, అంతే, డోనా బతుకుతుంది, అన్నీ గుర్తుంటాయి.

“వదిలేస్తే పోయేదైతే ఆరోజే వదిలేయమనొచ్చుగా? పదిహేనేళ్లు ఏడిపించి ఇదా?” అని అక్క మండిపడింది. ఆ ముగింపు తేలిగ్గా అయిపోయిందన్నది నేనూ కాదనను. కానీ నాకు ఆ ఎపిసోడ్‌లో ముఖ్యమైనది ఆ వదిలేయడం కాదు. దానికి ముందు, ఊరంతా కాలిపోయేలా ఉన్నప్పుడు, జ్ఞాపకాలు తిరిగొస్తే నువ్వు చచ్చిపోతావని అతను చెబుతాడు. కింద కూతురుంది. ఆవిడ కానివ్వమంటుంది. ఈసారి అతను ఆవిడ మాట విన్నాకే ఆ పని చేశాడు. 2008లో రాసిన కలమే 2023లోనూ రాసింది. ఆ అడగడం ఊరికే పెట్టింది కాదని నా నమ్మకం.

మధ్యలో 2015లో ‘హెల్ బెంట్’ అనే ఎపిసోడ్ ఉంది. స్టీవెన్ మొఫాట్ రాసినది. అప్పట్లో డాక్టర్‌తో తిరిగే క్లారా జ్ఞాపకాల్ని అతను అలాగే ఒక పరికరంతో తుడవబోతే, ఆమెకి ముందే తెలిసి, ఆ పరికరాన్ని తిప్పేస్తుంది. నా గతం నాదంటుంది. చివరికి మర్చిపోయేది అతనే. డోనాకి అందని న్యాయం క్లారాకి అందిందని నేనంటే, అది న్యాయం కాదు, ఇంకో నష్టమని అక్క అంది. దీని మీద ఇంకో గంట పట్టేది, కానీ స్నేహితురాలికి రాత్రి డ్యూటీ. అందరూ లేచారు.

అక్క వెళుతూ గుమ్మంలో ఆగి, “నీకేమైనా అయితే మాత్రం నేను నిన్ను అడగను” అంది. నవ్వలేదు. “అడుగు అక్కా” అన్నాను. జవాబు చెప్పకుండా చెప్పులేసుకుంది.

ఇందాక, పదిన్నరకి, వార్డులోంచి స్నేహితురాలి మెసేజ్ వచ్చింది. “పేషెంట్ వద్దంటే కేస్ షీట్‌లో రాస్తాం. టైమ్ వేసి సంతకం పెడతాం. తర్వాత ఏం జరిగినా సరే, వద్దన్నారన్నది ఉండాలి. మీ డాక్టర్ అది కూడా రాయలేదు.”

వచ్చే ఆదివారం మధ్యలోవన్నీ పక్కనపెట్టి నేరుగా ‘స్టార్ బీస్ట్’ పెట్టమని కింద ఇంకో లైను. సరే అని పెట్టాను. దుప్పట్లు పొద్దున మడతపెడతాను.