చీమ కుట్టినా తెలియని కాళ్లు

చెప్పు ఎక్కడ జారిపోయిందో నాకు తెలియలేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి వచ్చాక వెనక నుంచి ఒక కుర్రాడు "అన్నా, మీ చెప్పు" అని తెచ్చిచ్చాడు. 2024 ఆగస్టు అది. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి కాబట్టి నీరసమే అనుకున్నాను. మా వీధిలోని క్లినిక్‌లోనూ అదే మాటన్నారు, బి12 సూది వేసి పంపేశారు. మూడో రోజుకి స్కూటర్ స్టాండ్ తీయలేకపోయాను. నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతే మోకాళ్లు మడతపడ్డాయి.

పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. ఇంకోసారి కొట్టాడు. నాది కాని కాలిని ఎవరో కొడుతున్నట్టు చూస్తూ ఉన్నాను. రొయ్యలా ముడుచుకుని పడుకోమని వెన్నులోంచి నీరు తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూశారు. గిలన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్) అన్నారు. కడుపులో చేరిన క్రిమి మీదికి లేచిన రోగనిరోధక శక్తి, ఆ క్రిమికీ నరాలకీ ఉన్న పోలిక పట్టుకుని పొరపాటున మన నరాల మీదే పడుతుందట. కాళ్లతో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా పాకితే వెంటిలేటరే.

దీనికి స్టెరాయిడ్లు పనిచేయవు. ఐవీఐజీ ఎక్కించారు. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు; నేను 65 కిలోలు, అంటే రోజుకి 26 గ్రాములు. అది వేలమంది రక్తంలోంచి ఇచ్చిన ప్లాస్మాలోని యాంటీబాడీలతో చేసే మందు. ఖరీదు సంగతి మా ఆవిడ ఇప్పటికీ నాకు పూర్తిగా చెప్పలేదు.

నాకు బాగా గుర్తున్నది మాత్రం లెక్కపెట్టడం. అర్ధరాత్రి లేదు అపరాత్రి లేదు, నర్సు వచ్చి లేపేది: "ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో పెట్టండి." మొదటి రోజు 38. మూడో రోజు 19. ఆ రాత్రి ఐసీయూలో బెడ్ సిద్ధం చేసి ఉంచారని తర్వాత తెలిసింది. మర్నాడు 22 దగ్గర ఆగినప్పుడు నర్సు పైకి ఏమీ అనలేదు గానీ రాసుకునేటప్పుడు నవ్వింది.

తర్వాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫిజియోథెరపీ, గోడ, పాదం వేలాడిపోకుండా ప్లాస్టిక్ పట్టీ, మళ్లీ గోడ. బలం వస్తోంది కానీ పాదం ఎక్కడుందో కంటితో చూస్తే తప్ప తెలిసేది కాదు. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే ఊగిపోయి వాష్‌బేసిన్ పట్టుకునేవాణ్ణి. అమ్మ వెనకే ఉండి "చూసుకుని, చూసుకుని" అనేది. ఇంట్లో అందరి కళ్లూ నా పాదాల మీదే, నా కళ్లతో సహా.

2025 జనవరిలో పుణేలో ఇదే జబ్బు వందమందికి పైగా వచ్చిందని టీవీలో మోగిపోయింది. అప్పటిదాకా పక్షవాతమా అని గుసగుసలాడినవాళ్లంతా జీబీఎస్ మీద నాకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడే చేవెళ్ల అవతల నుంచి చిన్నాయన ఫోన్. "ఆ టీవీ బంద్ జేసి ఈడికి రా. కందికాయ మస్తుగుంది."

అప్పా జంక్షన్ దాటాక రోడ్డుకి రెండు వైపులా మర్రిచెట్లు. మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో అప్పటికి దాదాపు 900 ఉండేవి. రోడ్డు వెడల్పు చేయాలంటే వీటినేం చేయాలని అప్పటికే ఏళ్ల తరబడి వాదులాట. కారులో ఊరికే కూర్చోలేక ఒక్క ఊపిరిలో ఎన్ని చెట్లు వస్తాయో లెక్కపెడుతూ పోయాను. ఆసుపత్రి అలవాటు. 31 దగ్గర మా తమ్ముడు లారీని దాటబోయి లెక్క చెడగొట్టాడు.

చెలకలో కారు దిగేసరికి రెండు కుక్కలు. లడ్డు కుర్రది, దేనికీ ఆగదు. టైగర్‌కి పన్నెండేళ్లు, చెవులు వినపడవు, పేరుకి తగ్గ పని జీవితంలో ఒక్కటీ చేయలేదు. అమ్మ ముందే ఫోన్‌లో హెచ్చరించింది, కుక్కల్ని ముట్టుకోవద్దని. ఆమె భయం మరీ ఉత్తది కాదు, కడుపులో చేరే ఆ క్రిమి కుక్కపిల్లల నుంచి కూడా రావచ్చట. కానీ డాక్టరు చెప్పింది ఒక్కటే, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోమని. రేబిస్ టీకా సంగతి చిన్నాయన చూసుకుంటాడు. ఏటా జులై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం నాడు పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు, రెంటినీ ట్రాలీలో ఎక్కించుకుపోతాడు.

టైగర్ లేచి బావి వైపు గట్టు మీద నడవడం మొదలుపెట్టింది. దాని వెనక కాళ్లు కూడా పట్టేసి ఉన్నాయి. నాలుగడుగులు వేసి ఆగుతుంది, వాసన చూస్తుంది, ఆ వంకతో సేద తీరుతుంది. ఆ నాటకం నాకు బాగా తెలుసు, ఆసుపత్రి వరండాలో నోటీసు బోర్డులన్నీ నేను చదివింది అందుకే. దాని వెనకే నడిచాను. ముందు లడ్డు శనగచేలోకి దూకి ఏదో పిట్టని లేపింది, అది ఎటు ఎగిరిందో చూస్తూ పోయాను. బావి దగ్గరికి చేరాక గానీ తట్టలేదు, గట్టు పొడుగునా ఒక్కసారి కూడా కిందికి చూడలేదని. వెనక్కి తిరిగి చూస్తే అదేమంత దూరం కాదు, యాభై అడుగులుంటుందేమో. అదీ జానెడు వెడల్పు గట్టు.

మధ్యాహ్నం చింతచెట్టు కింద నులక మంచం వేశారు. చిన్నమ్మ కందికాయ ఉప్పేసి ఉడకబెట్టి గంపలో పోసింది. కుక్కలకి జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి పెట్టింది. పట్టీ విప్పేసి కాళ్లు నేల మీద పెట్టి కూర్చున్నాను. టైగర్ వచ్చి నా కుడి పాదాన్ని దిండు చేసుకుని పడుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు. చిన్నాయన కూడా ఎలా ఉందని అడగలేదు, కంది ధర గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయాడు.

కాసేపటికి ఎడమ పాదం, బొటనవేలు పక్కన చురుక్కుమంది. మొదట అర్థం కాలేదు. వంగి చూస్తే ఎర్రచీమ.

"చిన్నమ్మా!" అని ఎంత గట్టిగా అరిచానంటే ఆమె చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది బిడ్డా? పాముగిట్ల ఉన్నదా?"

"చీమ కుట్టింది."

"గంత దానికి గింత లొల్లా!" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. చిన్నాయన అటు తిరిగి పడుకున్నాడు. టైగర్‌కి అరుపు వినపడనే లేదు. లడ్డు వచ్చి పాదం వాసన చూసి, పనికొచ్చేదేమీ లేదని తేల్చుకుని కందికాయ తొక్కల వైపు పోయింది.

ఇంకో చీమ మడమ మీదికి ఎక్కుతోంది. దాన్ని వెంటనే దులపలేదు.