మూడు వేల లోపు నాలుగు ప్యాంట్లు: జూన్ నుంచి నవంబరు దాకా

జూన్‌లో కాలేజీ తెరిచేనాటికి నా బీరువాలో ఏడు ప్యాంట్లు ఉన్నా, రోజుకు అయిదు గంటలు నిలబడి పాఠం చెప్పి, ఆపైన స్కూటరు మీద ఇంటికి రావడానికి పనికొచ్చేవి రెండే. నా నడుము 35 అంగుళాలు, సీటు 42, తొడ 25. 36 సైజు రెడీమేడ్ ప్యాంటు నడుముకు సరిపోయి తొడల దగ్గర పట్టేస్తుంది. 38 సైజు తొడలకు హాయిగా ఉండి, బెల్టు బిగించగానే నడుము వెనక సంచి మూతిలా ముడుచుకుంటుంది. కొత్తగా పెట్టే ఖర్చు మూడు వేలు దాటకూడదని, చిన్న చిన్న మార్పులు మా అమ్మగారి పాత ఉషా మిషన్ మీద నేనే నేర్చుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

జూన్ నెలంతా టేపుతోనే గడిచింది. ఆరేళ్ల కిందట చెల్లెలి పెళ్లికి కుట్టించుకున్న గోధుమరంగు ప్యాంటు ఒక్కటే కూర్చున్నా, నిలబడినా నన్ను ఇబ్బంది పెట్టదు. దానికి హుక్కు, జిప్పు పెట్టి బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, నడుము పట్టీ ఒక అంచు నుంచి మరో అంచు దాకా కొలిచి రెట్టింపు చేశాను. జిప్పు అడుగు దగ్గర సీటును, కాళ్ల మధ్య కుట్టుకు అంగుళం కింద తొడను అదే విధంగా కొలిచాను. నడుము 35½, సీటు 44½, తొడ 27, పొడవు 41½, లోపలి కాలు 30, బాటమ్ (కాలి అడుగు చుట్టుకొలత) 15 వచ్చాయి. ఒంటి కొలత కంటే సీటుకు రెండున్నర, తొడకు రెండు అంగుళాలు ఎక్కువ ఉన్నాయన్నమాట. ఆ వదులే నాకు కావలసిన సౌకర్యమని ఇన్నేళ్లకు తెలిసింది. ఈ అంకెలను ఫోనులో రాసుకుని, దుకాణంలో ట్రయల్ గదికి వెళ్లకముందే ప్యాంటును టేపుతో కొలవడం మొదలుపెట్టాను. చీటీ మీద 36 అని ఉన్న మూడు ప్యాంట్లు కొలిస్తే 35½, 37, 37½ వచ్చాయి. అమ్మే కుర్రవాడు కాస్త వింతగా చూసిన మాట నిజమే గానీ, అరగంట పని పది నిమిషాల్లో తేలిపోయింది.

జులైలో, తగ్గింపు ధరలో ఉన్న 38 సైజు బూడిదరంగు ప్యాంటును 899 రూపాయలకు కొన్నాను. నడుము పెద్దదని తెలిసే కొన్నాను, ఎందుకంటే సీటూ తొడా కుదిరిన ప్యాంటుకు నడుము తగ్గించడం సులభం. రెడీమేడ్‌లో పక్క కుట్ల దగ్గర బట్టను ఓవర్‌లాక్ దాకా, అంటే పోగులు ఊడకుండా అంచుకు వేసే కుట్టు దాకా, కత్తిరించేస్తారు కాబట్టి బిగుతైన తొడను వదులు చేసే వీలు దాదాపు ఉండదు. నడుము పట్టీ నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా ఉండే లోతు చాలకపోతే దాన్ని పెంచడం ఇంకా కష్టం. అందుకే అద్దం ముందు నిలబడి చూసుకోవడంతో ఆగకుండా, కుర్చీలో కూర్చుని, స్కూటరు ఎక్కినట్టు కాలు ఎత్తి చూశాను. పక్క జేబులు నోరు తెరిస్తే సీటు చాలలేదని, జిప్పు కింద నుంచి రెండు తొడల మీదికీ గీతలు పాకితే కాళ్ల మధ్య బట్ట చాలలేదని అర్థం.

నడుము తగ్గించడం నా మొదటి ప్రయోగం. వెనక మధ్యలోని బెల్టు లూపు ఊడదీసి, నడుము పట్టీతో సహా వెనక కుట్టును ఆరు అంగుళాలు విప్పి, పైన మొత్తం మీద ఒకటిన్నర అంగుళం తగ్గేలా, కిందికి పోయేకొద్దీ పాత కుట్టులో కలిసిపోయేలా చాక్‌తో గీత గీశాను. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే వెనక జేబులు రెండూ దగ్గరికి జరిగి అందవికారంగా కనిపిస్తాయి. మొదటిసారి నా గీత పాత కుట్టులో మెల్లగా కలవకుండా చటుక్కున ముగియడంతో సీటు మీద చిన్న ఉబ్బు తేలింది. విప్పి, మరో రెండు అంగుళాలు కిందికి సాగదీసి కుట్టాక సర్దుకుంది. పట్టీ దగ్గర నాలుగైదు పొరల మందం వల్ల 14 నంబరు సూది విరిగింది. ఇప్పుడు అక్కడికి 16 నంబరు సూది వేసి, తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాను.

ఆగస్టులో బట్ట కొనడానికి విజయవాడ వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతకు వెళ్లాను. 58 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న ప్యాంటు బిట్టు నా పొడవుకు 1.30 మీటర్లు కావాలి. చేతిలో గట్టిగా నలిపి వదిలితే ముడత నిలిచిపోయే బట్టను, వెలుతురుకు పట్టుకుంటే వెనక వేలు కనిపించే బట్టను పక్కన పెట్టాను. పాలిస్టర్, విస్కోస్ కలిసిన రకం మీటరు 340, 360 రూపాయల చొప్పున రెండు బిట్లు తీసుకున్నాను. కాటన్ అని చెప్పి చూపిన ఒక బట్ట అంచు దారాన్ని ఇంటికి తెచ్చి కాల్చితే బూడిద కాకుండా గట్టి పూసలా ముద్దకట్టింది. అది కొననందుకు సంతోషించాను. నిజమైన కాటనైతే ఉతికి ఆరబెట్టిన తరువాతే కత్తెరకు ఇవ్వాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే పొడవు తగ్గుతుంది.

మా వీధి దర్జీని నేను మాస్టారూ అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు. మధ్యలో ఎవరైనా వింటే ఎవరు పాఠం చెబుతున్నారో తెలియదు. గోధుమరంగు ప్యాంటు కొలతలకే కుట్టి ఇవ్వండని, అడుగు మడవకముందు ఒక్కసారి వేసి చూస్తానని, వెనక కుట్టులో అంగుళం బట్ట వదలండని కోరాను. “రోజూ వేసుకునే బూట్లతో రండి మాస్టారూ, చెప్పులతో వస్తే పొడవు తప్పుతుంది” అన్నారాయన. మొదటి ట్రయల్‌లో జిప్పు కింద గీతలు కనిపిస్తే, వెనక ముక్క లోపలి కాలు కుట్టును పైభాగంలో అరంగుళం వదిలి సరిచేశారు. కుట్టుకూలి ఒక్కోదానికి 500, బట్టతో కలిపి 942, 968 అయ్యాయి.

నాలుగోది కొత్తది కాదు. బిగుతై మూలపడిన నల్ల ప్యాంటు వెనక కుట్టులో దాచిన బట్ట కనిపించడంతో అక్టోబరులో నడుము ఒకటిన్నర అంగుళం పెంచాను. పాత కుట్టు గీత మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోయింది. గుడ్డ లేకుండా పెడితే బట్ట మెరుపు తేలుతుంది, అది మళ్లీ పోదు. సూదులకూ దారాలకూ 120 రూపాయలు కలుపుకుంటే మొత్తం 2,929.

నవంబరులో కత్తిరింపుకు దిగాను. గోధుమరంగు ప్యాంటు ఆధారంగా పేపరు మీద నమూనా గీసి, మంచి బట్ట పాడుచేయడం ఇష్టం లేక పాత పూల దుప్పటి మీద వెనక ముక్కలు కత్తిరించాను. రెండోది కత్తిరించేటప్పుడు నమూనాను తిరగేయడం మరిచిపోయాను. ఇప్పుడు నా దగ్గర పూల ప్యాంటుకు రెండు ఎడమకాళ్లు, ఇంకా సగం దుప్పటి ఉన్నాయి.