మత్తు కాదు, గడ్డ

నా కుడి కణత పైన, మెదడు పొరను పట్టుకుని నిమ్మకాయంత మెనింజియోమా, అంటే ఆ పొరలో పుట్టే కణితి. క్యాన్సర్ కాదు. ఆపరేషన్ మధ్యాహ్నం 2 గంటలకు అయిపోయింది, కణితి మొత్తం తీసేశారు. అసలు కథ సాయంత్రం 5కీ రాత్రి 9కీ మధ్య జరిగింది. అందులో సగం నాకు గుర్తులేదు. కేస్ షీటు చూసి, మా ఆవిణ్ణి అడిగి పోగేసుకున్నాను.

5 గంటలకు బాగానే ఉన్నాను. కళ్లు తెరిచాను, ఊరి పేరు చెప్పాను, రెండు చేతులూ ఎత్తాను. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేల్లో 15కి 15. గంటగంటకూ సిస్టర్ "అంకుల్, మీ పేరేంటి? ఏ ఊరు?" అని లేపుతుంటే కసురుకున్నానట. 7 గంటలకు పేరు చెప్పాను గానీ ఊరు తప్పు చెప్పాను. పిలిస్తే తప్ప కళ్లు తెరవడం లేదు. కళ్లు మూసుకుని చేతులు చాచమంటే ఎడమ చెయ్యి, అరచెయ్యి లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి జారిపోయింది. స్కోరు 13.

డ్యూటీ డాక్టరు మంచం దాకా కూడా రాలేదు. "పెద్దాయన కదా, మత్తు దిగడానికి టైం పడుతుంది, పడుకోనివ్వండి" అన్నాడట. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మత్తు దిగేకొద్దీ మనిషి తేరుకోవాలి. తేరుకున్నవాడు మళ్లీ జారిపోతుంటే అది మత్తెలా అవుతుంది? లోపల రక్తం కారి గడ్డకడుతోంది. తలకు ఆపరేషన్ అయ్యాక ఇలాంటి రక్తస్రావాలు ఎక్కువగా మొదటి 6 గంటల్లోనే బయటపడతాయి. పుర్రె సాగని గిన్నె. మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు మూడూ అందులోనే సర్దుకోవాలి. రక్తపు గడ్డ చిన్నగా ఉన్నంతసేపు నీరు వెన్ను వైపు జరిగి చోటిస్తుంది, అందుకే మొదట్లో మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. ఆ వెసులుబాటు కాస్తా అయిపోయాక ఇంకో నాలుగు చెంచాల రక్తం చాలు, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది.

సిస్టర్ ఆ మాట పట్టించుకోలేదు. సర్జన్‌కే నేరుగా ఫోన్ కొట్టింది. స్కాన్‌లో ఎముకకూ, మెదడును కప్పే పై పొర డ్యూరాకూ మధ్య తెల్లగా, కటకం ఆకారంలో 40 మి.లీ. గడ్డ. మెదడు నడిమి గీత 7 మి.మీ. ఎడమకు జరిగింది. అప్పటికే కుడి కంటి పాప పెద్దదైంది. బీపీ 180, నాడి 52. బీపీ ఎక్కుతూ నాడి తగ్గుతోందంటే లోపల ఒత్తిడి తారస్థాయికి చేరినట్టే. మెదడులో ఒత్తిడి తగ్గించే మానిటాల్ మందు (20 శాతం) 300 మి.లీ. ఎక్కిస్తూనే థియేటర్‌కు తోసుకెళ్లారు. అవే కుట్లు విప్పి, గడ్డ తీసి, కారుతున్న చోటు బైపోలార్ అనే కరెంటు పట్కారుతో మాడ్చి, డ్యూరాను ఎముక అంచుకు కుట్టేశారు.

ఇక నా తప్పు. 22 ఏళ్లు బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌గా చేసినవాణ్ణి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లను "మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారా?" అని అడిగి వెనక్కి పంపినవాణ్ణి. సర్జన్ "రక్తం పలచబడే మందులు వాడుతున్నారా?" అంటే లేదన్నాను. పొద్దున్నే వచ్చే తలనొప్పికి నీళ్లలో వేస్తే బుసబుసమని కరిగే మాత్ర ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు కూడా తాగాను. అది ఆస్పిరినే. నాకది మందని తోస్తేగా! ప్లేట్‌లెట్లు 2,40,000, రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ 1.0, రిపోర్టులు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. కౌంటు లెక్క చెబుతుంది గానీ, అవి పని చేస్తున్నాయో లేదో చెప్పదు. ఒక్క మాత్ర పడితే ఉన్న ప్లేట్‌లెట్లు బతికినన్నాళ్లూ, అంటే 7 నుంచి 10 రోజులు, పనికిరావు. గడ్డకు అదే కారణమని సర్జన్ అనలేదు, ఏ మాత్ర వేసుకోనివాళ్లకూ ఇలా అవుతుందన్నారు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఆ రాత్రి ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్ల సంచి ఒకటి పట్టుకుని పాత సహోద్యోగులు పరుగున వచ్చారు. గది వేడిలో ఊగుతూ ఉండాల్సిన సరుకు, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టేంత తెలివితక్కువవాళ్లు కారు వాళ్లు.

మీవాళ్లెవరైనా తల ఆపరేషన్ అయి ఐసీయూలో ఉంటే, నిద్రపోనివ్వండి అన్న మాటకు సరేననకండి. వాంతులు, పెరిగే తలనొప్పి, ఒక వైపు బలహీనత, తడబడే మాట, వీటిలో ఏది కనిపించినా "గంట క్రితం ఇలా లేరు" అని టైంతో సహా చెప్పండి. మందుల చీటీలో తలనొప్పి, కీళ్ల నొప్పుల మాత్రలు కూడా రాయండి.

ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడం ఆరు వారాలకు వచ్చింది. మా ఆవిడ ఆ రాత్రే తిరుపతి మొక్కుకుంది. ఆసుపత్రిలో గీసేసిన జుట్టు స్వామి లెక్కలోకి రాదట, మళ్లీ పెరగాలట. ఇప్పుడు అంగుళం పెరిగింది. కల్యాణకట్టలో కూర్చునే ముందు చెవి పైనున్న కుట్ల మచ్చ చూపించాలి, అక్కడ కత్తి మెల్లగా వెయ్యమని.